సరిపడలేదు

"ఈ బిళ్ళలు నాకు సరిపడలేదు సార్."

ఈ మాట విన్న డాక్టరు ఒక్క క్షణం ఆగాలి. పడలేదంటున్నాడా, చాలలేదంటున్నాడా? ఒళ్ళంతా దద్దుర్లు లేచినవాడూ ఇదే మాట అంటాడు. మూడు రోజులు మింగినా జ్వరం దిగనివాడూ ఇదే అంటాడు. చాలకపోతే 'సరిపోలేదు' అనడమే ఎక్కువ. అయినా డబ్బు సరిపడలేదు, నీళ్ళు సరిపడలేదు అనేవాళ్ళూ తక్కువేమీ కాదు. వంటల శీర్షిక తిరగేస్తే 'సరిపడా ఉప్పు' ఉంటుంది, అక్కడ మాట కొలతది. అదే వంటింట్లో "వంకాయ నాకు సరిపడదు, దురదలొస్తాయి" అని వినిపిస్తుంది, అక్కడ మాట పొత్తుది. ఒకే క్రియకు కొలతా అర్థమే, పొందికా అర్థమే.

మామూలుగా ఇలాంటి శ్లేష చూసి నవ్వుకుని వదిలేస్తాం. కానీ మెదడు వాపు మీద జంతువులలో జరిగిన ప్రయోగాల చరిత్ర చదువుతున్నప్పుడు ఈ రెండర్థాలు ఒక మాటలో ఎందుకు చేరాయో నాకు కొత్తగా బోధపడింది. రెండు మందులకు ఒకదానితో ఒకటి పడకపోవడం వల్లనే వాటిలో ఒకటి చాలకుండా పోవడం అక్కడ మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. మన మాట ఆ సంగతి ముందే తెలిసి పుట్టిందని గొప్పలు పోనక్కర్లేదు. పట్టుకునేందుకు వీలైన పిడి మాత్రం దానికి ఉంది.

ముందు మాటను విప్పి చూద్దాం. సరి, పడు. 'సరి' సమానం, సబబు, జత. సరి-బేసి, సరిజోడు, సరిదిద్దు, ఆఖరికి ఫోనులో వందసార్లు అనే 'సరే' దాకా దాని సంసారం పెద్దది. 'పడు' ఇంకా పెద్దది. వాన పడుతుంది, పిడుగు పడుతుంది, బోరులో నీళ్ళు పడతాయి, ఒకటో తారీఖున జీతం పడుతుంది, కోర్టులో శిక్ష పడుతుంది. కష్టపడతాం, సిగ్గుపడతాం, ఇష్టపడతాం. పైనుంచి కిందికి రాలడం దగ్గర మొదలై, మన ప్రమేయం లేకుండా మన మీదికి వచ్చి కుదురుకునే దేనికైనా ఈ క్రియ పనికొస్తుంది. సరిగ్గా వచ్చి కుదిరితే సరిపడడం. ఊరు మారినవాడు జబ్బుపడితే "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అంటాం. ఇక్కడ 'సరి'ని మింగేసినా అర్థం చెడలేదు.

ఈ క్రియకు మరో గుణం ఉంది, నాకు అసలు ముఖ్యమైనది అదే. దీనికి 'కు' కావాలి. "ఆ మందు సరిపడదు" అని ఎవరైనా అంటే వెంటనే "ఎవరికి?" అని నోటికొస్తుంది. చిన్నప్పుడు షష్ఠీ విభక్తి అని వల్లెవేసిన కిన్, కున్‌లు లేనిదే వాక్యం నిండదు. ఇంకో చిత్రం చూడండి. "నాకు ఆ మందు సరిపడదు" అన్నప్పుడు మందు కర్త, నేను 'కు'. అదే "అత్తాకోడళ్ళకు సరిపడదు" అన్నప్పుడు కర్త అంటూ ఎవరూ లేరు. ఇద్దరూ 'కు' కిందే ఉన్నారు. తప్పు ఎవరిదో వాక్యం చెప్పదు. రెండు మందుల సంగతి కూడా అంతే. "ఆ రెండు మందులకూ సరిపడదు" అంటే దానికీ దోషం అంటదు, దీనికీ అంటదు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'ఔషధ పరస్పర చర్య' అంటున్నారు. పరీక్ష రాయడానికి బాగానే ఉంటుంది. మందుల షాపు కిటికీ దగ్గర నిలబడి ఆ మాట అంటే మాత్రం అటువైపు ఉన్నాయనా మొహం చిట్లిస్తాడు, పక్కనున్న ముసలాయనా చిట్లిస్తాడు.

రెండో మాట వాపు. వాచు నుంచి వాపు. వాపు చూసి బలుపనుకోవడం మనకు సామెత. తిండికి మొహం వాచిపోయాడు అనడం జాతీయం. ఒళ్ళు లావెక్కడానికీ వాచడానికీ తేడా కనిపెట్టిన జాతి మనది. కానీ ఒకచోట తేడా పాటించలేదు. దెబ్బ తగిలి నీరు చేరినా వాపే, క్రిమి చేరి మంట పుట్టినా వాపే. పత్రికల్లో 'మెదడువాపు వ్యాధి' అంటే దోమకాటుతో వచ్చే జపనీస్ ఎన్‌కెఫలైటిస్. అది క్రిమివల్ల మెదడుకు పుట్టిన మంట. 2003 వేసవిలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడు జబ్బు సోకి 183 మంది చనిపోతే, జనం నోట అదీ మెదడువాపే. పుణెలోని వైరాలజీ సంస్థవారు పరీక్షించి అది చండీపుర వైరస్ అని తేల్చారు. ఇక నేను ఇక్కడ చెబుతున్న వాపు, మెదడులోకి లెక్కకు మించి నీరు చేరడం. క్రిమివల్ల రావచ్చు, గడ్డవల్ల రావచ్చు, తలకు దెబ్బ తగిలి రావచ్చు, పక్షవాతంలో రక్తనాళం మూసుకుని రావచ్చు. కారణాలు వేరు, నీరు ఒకటే.

ఆ నీరూ ఒక్క తీరుగా చేరదని 1967లో ఇగోర్ క్లాట్జో చెప్పాడు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన ఈ శాస్త్రవేత్త పిల్లుల మెదడు మీద బాగా చల్లబరిచిన లోహాన్ని ఆనించి దెబ్బచేసి, రక్తంలోకి నీలిరంగు ఎక్కించి, ఆ రంగు ఎక్కడిదాకా ఊరిందో చూసేవాడు. రక్తనాళపు గోడ చెడి నీరు బయటికి ఊరడం ఒక వాపు. గోడ బాగానే ఉండి, కణాలే నీటిని పీల్చుకుని నానిన శనగల్లా ఉబ్బడం మరో వాపు. మొదటిదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయాలని లేదు. దీన్ని మరిచిపోయినవాళ్ళు తరవాత చాలా మూల్యం చెల్లించారు. ఆ కథ కింద వస్తుంది.

ప్రయోగశాలలో వాపును కొలిచే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది, ఒళ్ళు జలదరిస్తుంది కూడా. ఎలుక మెదడు బరువు రెండు గ్రాములు. బయటికి తీసిన వెంటనే తూస్తారు. నూరు డిగ్రీల పొయ్యిలో రోజంతా ఎండబెట్టి మళ్ళీ తూస్తారు. పోయినదంతా నీరు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక మెదడులో నూటికి దాదాపు 78 పాళ్ళు నీరే. వాచిన మెదడులో అది 80 అయిందని పరిశోధనపత్రంలో ఉంటుంది. రెండు శాతమేగా అని పేజీ తిప్పేయబోతాం. తిప్పకండి. నూరు గ్రాముల మెదడనుకుంటే మొదట నీరు 78, గట్టి పదార్థం 22. ఆ 22 గ్రాములు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడవి మొత్తంలో ఇరవై శాతమే అయ్యాయంటే మొత్తం 110 గ్రాములయిందన్నమాట. రెండు శాతం నీరు పెరిగితే మెదడు పదో వంతు పెరిగింది. చేయి వాస్తే చొక్కా బిగుస్తుంది, కాలు వాస్తే చెప్పు పట్టదు, అంతే. మెదడు వాస్తే పుర్రె సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి రక్తం ఎక్కడం తగ్గుతుంది, చివరికి మెదడు అడుగుభాగం కిందికి నొక్కుకుపోతుంది.

దీనికి మొదట దొరికిన ఉపాయం ఉప్పు. 1919లో జాన్స్ హాప్‌కిన్స్‌లో లూయిస్ వీడ్, పాల్ మెకిబెన్ మత్తులో ఉన్న పిల్లుల నరంలోకి చిక్కటి ఉప్పునీరు ఎక్కించారు. మెదడు కుంచించుకుపోయింది. మామూలు నీరు ఎక్కిస్తే ఉబ్బింది. ఊరగాయ పెట్టే ఏ ఇంట్లోనైనా ముక్క మీద ఉప్పు చల్లితే నీరు ఊరుతుందని తెలుసు కదా, అదే సూత్రం. 1960ల మొదటి సంవత్సరాల నుంచి ఆ పనికి మానిటాల్ వచ్చింది. ఇవాళ తలకు దెబ్బతగిలి వచ్చినవారికి మన జిల్లా ఆస్పత్రుల్లోనూ ఎక్కించే సీసా అదే.

మానిటాల్‌కు తోడుగా మూత్రం జారీచేసే ఫ్యూరోసెమైడ్ ఇస్తే ఏమవుతుందని 1983లో మైఖేల్ పొలే బృందం కుక్కల్లో చూసింది. మానిటాల్ ఇచ్చిన కాసేపటికి ఫ్యూరోసెమైడ్ ఇస్తే, ఒక్క మానిటాల్‌తో తగ్గిన దానికంటే తలలోని ఒత్తిడి ఎక్కువగా తగ్గింది, ఎక్కువసేపు తగ్గింది. ఇది సరిపడిన జంట. మందుల కలయిక అనగానే కీడే శంకించనక్కర్లేదు. అయితే రెండూ ఒంట్లోని నీటినీ లవణాలనూ లాగేసేవే. మెదడుకు సరిపడిన జంట మూత్రపిండాలకూ సరిపడుతుందన్న హామీ ఏమీ లేదు. చూశారా, 'కు' అప్పుడే అడగడం మొదలుపెట్టింది.

ఇక అసలు కథ. 1961లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ గాలిసిచ్, లైల్ ఫ్రెంచ్ మెదడులో గడ్డలున్న రోగులకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి వాపు తగ్గడం చూపించారు. ఒకటి రెండు రోజుల్లోనే తలనొప్పి తగ్గి, స్పృహ తేటపడిన రోగులున్నారు. గడ్డ చుట్టూ చేరే వాపు క్లాట్జో చెప్పిన మొదటి రకం, నాళాల నుంచి ఊరేది. స్టెరాయిడ్ ఆ ఊటను కట్టేస్తుంది. అదే రోగులకు ఫిట్స్ కూడా వస్తాయి. దానికి ఫెనిటోయిన్ ఇస్తారు. ఆ మందూ జంతువుల్లోంచి వచ్చిందే. హ్యూస్టన్ మెరిట్, ట్రేసీ పట్నం 1930ల చివర బాస్టన్‌లో పిల్లులకు కరెంటు పెట్టి ఫిట్స్ తెప్పించి, ఏ మందు వాటిని ఆపుతుందో వెతికి పట్టుకున్నారు. ఒక మందు వాపుకు, ఒకటి ఫిట్స్‌కు. ఒకే చీటీలో పైనా కిందా రాసిన రెండు వరుసలు. రెండూ మంచివే. రెండూ అవసరమే.

ఆ రెంటికీ సరిపడదు.

సరిపడదంటే రోగి ఒళ్ళు దద్దుర్లు లేవదు, ఊపిరి ఆగదు, బంధువులు ఆస్పత్రి ముందు బైఠాయించరు. జరిగేదంతా కాలేయంలో, చడీచప్పుడూ లేకుండా. ఫెనిటోయిన్ రోజూ వస్తుంటే కాలేయం మందులను విరిచే ఎంజైములను ఎక్కువెక్కువ తయారుచేసుకుంటుంది. ఆ ఎంజైముల్లో కొన్ని డెక్సామెథాసోన్‌ను కూడా విరుస్తాయి. 1984లో ఆస్ట్రేలియా వైద్యులు మెదడు, నరాల జబ్బుల రోగుల్లో లెక్కగట్టారు. నోటితో మింగిన డెక్సామెథాసోన్‌లో రక్తానికి చేరేది ఫెనిటోయిన్ వాడనివారిలో నూటికి 84 పాళ్ళు, వాడేవారిలో 33. బిళ్ళ అదే, చీటీ మీద అంకె అదే. వాపుకు అందింది మాత్రం సగం కూడా కాదు. తిరుగుబాణంగా డెక్సామెథాసోన్ కూడా రక్తంలో ఫెనిటోయిన్ మట్టాన్ని మారుస్తుంది. తగ్గించిన కేసులూ పెంచిన కేసులూ రెండూ వైద్యపత్రికల్లో ఉన్నాయి. ఇప్పుడు "మందు సరిపడలేదు" అన్న వాక్యాన్ని మళ్ళీ చదవండి. పడలేదా, చాలలేదా అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు 'రెండూ' అనే. ఫెనిటోయిన్‌కు పడక వాపుకు చాలలేదు.

ఎంజైములకు ఈ అలవాటుందని మొదట చెప్పినవి ఎలుకలే. 1960లో అలెన్ కానీ, ఆయన సహచరులు ఎలుకలకు జోక్సజోలమైన్ అనే కండరాలు సడలించే మందు పెద్ద మోతాదులో ఇచ్చారు. ఎలుకలు పదకొండు గంటలకు పైగా కదల్లేక పడి ఉన్నాయి. ముందు కొన్నాళ్ళు ఫినోబార్బిటాల్ ఇచ్చిన ఎలుకలకు అదే మోతాదు ఇస్తే 102 నిమిషాల్లో లేచాయి. పొగలో, మసిలో ఉండే బెంజోపైరీన్ ముందుగా తగిలిన ఎలుకలైతే 17 నిమిషాల్లో. పదకొండు గంటలెక్కడ, పదిహేడు నిమిషాలెక్కడ! మందు మారలేదు, మోతాదు మారలేదు. అంతకుముందు ఒంట్లోకి ఏం వెళ్ళిందన్నదే మారింది. అంతవరకూ మందు పనిచేయకపోతే మోతాదు తక్కువైందనో, రోగి సరిగ్గా మింగలేదనో అనుకునేవాళ్ళు. ఇంకో మందు వచ్చి దీన్ని తినేసిందన్న ఊహకు గట్టి ఆధారాలు దొరికింది ఆ రోజుల్లోనే.

కాలేయం ఒక్కటే కాదు, గుమ్మం దగ్గరా తగువు వస్తుంది. నాకు అన్నిటికంటే కొరుకుడుపడని ఉదాహరణ కుందేళ్ళది. న్యూమోకాకస్ క్రిమిని ఎక్కించి మెనింజైటిస్ అనే మెదడు పొరల జబ్బు తెప్పించిన కుందేళ్ళలో మెదడు నీటిపాలు పెరుగుతుంది. స్టెరాయిడ్ ఇస్తే తగ్గుతుందని 1985లో మార్టిన్ టాబర్ బృందం చూపింది. బాగానే ఉంది. క్రిమిని చంపడానికి యాంటిబయాటిక్ కూడా ఇవ్వాలి కదా. పెన్సిలిన్ జాతి మందులకు లొంగని క్రిములకు వాంకోమైసిన్ ఇస్తారు. ఆ మందు మామూలుగా మెదడులోకి పెద్దగా పోదు. జబ్బువల్ల రక్తనాళపు గోడ చెడింది గనుక ఆ సందుల్లోంచి దూరుతుంది. అంటే వాపును తెచ్చిన ఏ సందుల్లోంచి నీరు ఊరుతోందో, మందు పోయేదీ ఆ సందుల్లోంచే. డెక్సామెథాసోన్ వచ్చి గోడను బాగుచేస్తుంది. వాపు తగ్గుతుంది, వాంకోమైసిన్ గుమ్మం బయటే నిలబడిపోతుంది. 1990ల్లో కుందేళ్ళలో జరిగిన ప్రయోగాలు సరిగ్గా దీన్నే చూపించాయి. స్టెరాయిడ్ తోడైనప్పుడు వెన్నునీటిలో వాంకోమైసిన్ తగ్గింది, క్రిములు చావడం ఆలస్యమైంది. ఒక మందు చేసిన మేలే రెండోదానికి అడ్డం. ఇందులో వికటించింది ఏదీ లేదు. రెండూ తమ పని తాము చేశాయి.

మనుషుల్లోనూ ఇంతేనా? 2007లో ఫ్రాన్సు వైద్యులు 14 మంది రోగుల్లో వాంకోమైసిన్‌ను పెద్ద మోతాదులో, ఆపకుండా ఎక్కిస్తూ, పక్కన డెక్సామెథాసోన్ ఇచ్చి చూశారు. వెన్నునీటిలో మందు సరిపడా చేరింది. అంటే కుందేలు చెప్పింది అబద్ధం కాదు, కానీ మోతాదు పెంచితే దాటగలిగే అడ్డమే అది. కుందేలు హెచ్చరించింది, మనుషులు జాగ్రత్తపడ్డారు. జంతువులలో జరిగే ప్రయోగం నుంచి ఆశించాల్సింది ఇదేనని నా అభిప్రాయం. తీర్పు కాదు, హెచ్చరిక.

అన్నిసార్లూ ఆ హెచ్చరికా అందదు. రిఫాంపిసిన్ సంగతి చూడండి. క్షయ మందు. మన ఇళ్ళల్లో "ఎర్ర మూత్రం వచ్చే బిళ్ళ" అంటే తెలియనివారు తక్కువ. క్షయ మెదడు పొరలకు పాకితే దాంతోపాటు డెక్సామెథాసోన్ కూడా ఇస్తారు. వియత్నాంలో 545 మంది రోగులతో చేసి 2004లో ప్రచురించిన పరీక్షలో స్టెరాయిడ్ ఇచ్చినవారిలో 31.8 శాతం, ఇవ్వనివారిలో 41.3 శాతం చనిపోయారు. ప్రాణాలు నిలిపే జోడీ అన్నమాట. అయినా రిఫాంపిసిన్ కాలేయంలో ఎంజైములను రెచ్చగొట్టడంలో ఫెనిటోయిన్‌కు తాత. డెక్సామెథాసోన్‌ను అదీ తినేస్తుంది. ఈ జంటను ఎలుకల్లో పరీక్షిస్తే ఏం తేలుతుంది? ఏమీ తేలకపోవచ్చు. ఎందుకంటే ఏ మందు వచ్చిందో పసిగట్టి ఎంజైముల తయారీకి గంట కొట్టే ఒక ప్రోటీన్ కాలేయంలో ఉంది. దాన్ని 1998లో కనుక్కున్నారు, పేరు పీఎక్స్ఆర్. మనిషి పీఎక్స్ఆర్ రిఫాంపిసిన్‌ను గుర్తుపడుతుంది. కుందేలుదీ గుర్తుపడుతుంది. ఎలుకది, చుంచుది దాదాపు పట్టించుకోవు. ఇంకో స్టెరాయిడ్ జాతి రసాయనం విషయంలో ఇది తలకిందులు, ఎలుకది గంట కొడుతుంది, మనిషిది ఉలకదు. డెక్సామెథాసోనే ఎలుకలో పెద్ద మోతాదులో ఈ గంటను గట్టిగా మోగిస్తుంది, మనిషిలో అంతగా కాదు. 2000 సంవత్సరంలో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో వెన్ షీ, రొనాల్డ్ ఎవాన్స్ బృందం చుంచెలుక జన్యువును తీసేసి మనిషి జన్యువును పెట్టారు. అంతే, ఆ చుంచు రిఫాంపిసిన్‌కు మనిషిలాగే స్పందించింది.

"ఆ రెండు మందులకూ సరిపడదు" అన్న వాక్యంలో ఇంకో 'కు' దాగి ఉందని ఇక్కడ తెలుస్తోంది. ఎవరి ఒంట్లో? ఎలుకకా, కుందేలుకా, మనిషికా? మందుల మధ్య తగువు మందుల్లో ఉండదు, అవి కలుసుకున్న ఇంట్లో ఉంటుంది. ఇల్లు మారితే తగువూ పోవచ్చు, లేని తగువు రావచ్చు.

ప్రయోగశాలలో లెక్కలోకి రాని మూడో మందూ ఒకటుంటుంది, దాని పేరు మత్తు. మెలకువగా ఉన్న జంతువు తలకు మామూలుగా ఎవరూ గాయం చేయరు, చేయకూడదు. కాబట్టి మెదడు వాపు మీద జరిగే ఇంచుమించు ప్రతి జంతుప్రయోగమూ మత్తుమందుతోనే మొదలవుతుంది. ఐసోఫ్లురేన్ మెదడు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. కెటమిన్ నాడీకణాలను దెబ్బతీసే ఒక సంకేతాన్ని తనే అడ్డుకుంటుంది. బార్బిచ్యురేట్లు మెదడు ఖర్చును తగ్గిస్తాయి, రోజుల తరబడి ఇస్తే కాలేయాన్నీ రెచ్చగొడతాయి. ఒక మందును పరీక్షించామని పత్రం పేరులో ఉంటుంది, ఎలుక మాత్రం రెండిటిని మోసింది. ఇంకా చిన్నది చెబుతాను. 1967లో ఎలియట్ వెసెల్ ఒక సంగతి గమనించాడు. బోనులో కింద పరిచే దేవదారు చెక్కపొట్టు వల్లనే ఎలుకల కాలేయం ఎంజైములు పెరిగి, నిద్రమందు ఇస్తే అవి తొందరగా లేస్తున్నాయి. పొట్టు మార్చితే మామూలు నిద్ర. ఎంత ఖర్చుపెట్టి, ఎంత జాగ్రత్తగా చేసిన ప్రయోగమైనా పక్క గుడ్డ దగ్గర ఓడిపోవచ్చు! పత్రాల్లో 'పద్ధతులు' అనే భాగాన్ని అందరూ దాటేస్తారు. నేను ముందు అదే చదువుతాను.

ఏ వాపుకు అన్నది కూడా 'కు'నే. గడ్డ చుట్టూ ఊరిన వాపుకు స్టెరాయిడ్ అంత బాగా పనిచేసిందని, తలకు దెబ్బ తగిలినవారికి కూడా ఏళ్ళ తరబడి ఇచ్చారు. జంతువులలో ఆశ కలిగించే ఫలితాలూ ఉన్నాయి. చివరికి క్రాష్ అనే పెద్ద పరీక్ష పెట్టారు. 10,008 మంది చేరాక 2004లో మధ్యలోనే ఆపేశారు. రెండు వారాల్లో చనిపోయినవారు స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 21.1 శాతం, తీసుకోనివారిలో 17.9 శాతం. మంచి మందు, తప్పు 'కు'.

గ్లైబెన్‌క్లమైడ్ కథ ఇంకా దగ్గరిది. డయోనిల్ పేరుతో మన ఇళ్ళల్లో తాతలు మింగిన చక్కెర జబ్బు బిళ్ళ అది. పక్షవాతం తెప్పించిన ఎలుకల్లో అది మెదడు వాపును సగానికి సగం తగ్గించిందని 2006లో మార్క్ సిమార్డ్ బృందం ప్రకటించింది. ఎంత సంతోషించి ఉంటారో ఊహించుకోవచ్చు. నరంలోకి ఎక్కించేలా తయారుచేసి, పెద్ద పక్షవాతం వచ్చిన 535 మందిలో పరీక్షించారు. 2024లో ఫలితం వచ్చింది, మొత్తం మీద లాభం కనబడలేదు. ఎందుకు అన్నదానికి ఒకే జవాబు లేదు. ఒకటి మాత్రం నిజం. ప్రయోగశాల ఎలుక సాధారణంగా పడుచుది, ఏ జబ్బూ లేనిది, ఇంకే బిళ్ళా మింగనిది. ఆస్పత్రికి వచ్చే మనిషికి అరవై దాటుతాయి, బీపీ బిళ్ళ, కొలెస్ట్రాల్ బిళ్ళ, రక్తం పలచబడే బిళ్ళ, గ్యాసు బిళ్ళ ఒంట్లో ఉంటాయి. గ్లైబెన్‌క్లమైడ్‌ను విరిచే ఎంజైమునే ఫంగస్‌కు వాడే ఫ్లుకొనజోల్ మూసేస్తుంది. ఆ రెండూ కలిస్తే చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. పక్షవాతపు మందుల పరీక్షలకు నియమాలు రాసే స్టెయిర్ అనే నిపుణుల బృందం 2009లో ఈ మాటను సిఫారసుల్లోనే చేర్చింది. బీపీ, మధుమేహం ఉన్న జంతువుల్లోనూ చూడండి, పక్షవాత రోగులు మామూలుగా వాడే మందులతో కలిపీ చూడండి అని. అందులో కొత్త విషయమేమీ లేదు. తాతయ్యకు కొత్త బిళ్ళ రాసేటప్పుడు "ఇంకేమన్నా వాడుతున్నారా?" అని అడిగే మంచి డాక్టరుకు అది ముందే తెలుసు.

మన పత్రికలకు ఈ విషయంలో ఒకే క్రియ ఉంది, వికటించడం. ఇంజెక్షన్ వికటించింది, వైద్యం వికటించింది, మందు వికటించి మృతి. బలమైన మాటే. వికటం అంటే వికారం, విపరీతం. కంటికి కనబడేది, కేక పెట్టేది. అందుకే వార్త అవుతుంది. నేను ఇంతసేపు చెప్పిన వాటిలో వికటించినవి తక్కువ. ఎక్కువ భాగం చప్పుడు లేకుండా చాలకపోయినవి. వాపు తగ్గాల్సినంత తగ్గదు, ఫిట్స్ ఆగాల్సినంత ఆగవు, రోగి కోలుకోవాల్సినంత కోలుకోడు. దాన్ని జబ్బు ముదిరిందని రాసుకుంటాం. శవం లేచేంత గొడవ జరగదు కాబట్టి ఎవరూ అడగరు. అలాంటివాటికి వికటించింది అన్న మాట అతకదు. సరిపడలేదు అన్నదే అతుకుతుంది, అదీ దాని రెండర్థాలతోనూ.

వార్తలు రాసేవారికి ఒక మనవి. "మెదడువాపుకు మందు కనుగొన్నారు" అని శీర్షిక పెట్టే ముందు అందులో ఎలుకను కూడా చేర్చండి. "ఎలుకల్లో మెదడువాపు తగ్గించిన మందు" అంటే రెండు అక్షరాలు ఎక్కువవుతాయి, అంతకంటే నష్టం లేదు. పాఠకులకు ఇంకొకటి. ఇంట్లో ఎవరికైనా మెదడు గడ్డకో, క్షయ మెనింజైటిస్‌కో, ఫిట్స్‌కో వైద్యం నడుస్తుంటే, ఇవి చదివి మీ అంతట మీరు ఏ బిళ్ళా ఆపకండి. ఫిట్స్ మందుగానీ స్టెరాయిడ్‌గానీ ఉన్నపళంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు చీటీ ఒక్కటే కాకుండా మందుల సంచీ మొత్తం పట్టుకెళ్ళండి. బీపీ బిళ్ళ, నొప్పి బిళ్ళ, పక్కింటివాళ్ళు చెబితే వాడుతున్న ఆకుపొడి, అన్నీ బల్ల మీద పెట్టి, "వీటిలో దేనికి ఏది సరిపడదండీ?" అని అడగండి.